బడవ అన్న ఒక్క మాట

ఎవరైనా నా ముందు "దేవుడిచ్చాడు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట తప్పని కాదు. చిన్నప్పటి నుంచి నేనూ అంటూ వచ్చినదాన్నే. వాన పడితే అన్నాను. ఈనలేక అల్లాడిన బర్రె బతికితే అన్నాను. పిల్లల జ్వరం దిగితే అన్నాను. కానీ మా కొండల్లో గనులు జోరుమీద ఉన్న ఆ ఏళ్ళలో ఆ మాటను ఎవరెవరు ఎందుకెందుకు వాడుకున్నారో చూశాక, అది నా నోటి నుంచి సులభంగా రావడం మానేసింది. ఇది నిజంగా ఆయన ఇచ్చిందా, లేక మనిషి తీసుకున్నదా అని ముందు ఏరి చూసుకుంటాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

మాది కన్నడ సీమలో చోరనూరు దిక్కు పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి పైన కాస్త ఉర్దూ. నేను సర్కారు బడిలో మూడో తరగతి దాకా కన్నడం చదివాను. ఆ తర్వాత మా అమ్మకు చంటిబిడ్డను ఎత్తుకునే మనిషి కావలసి వచ్చింది, బడి అయిపోయింది. తెలుగు అక్షరాలు చర్చిలో పాటల పుస్తకం చూసి నేర్చుకున్నవి. నేర్చుకున్నవి తక్కువ కాబట్టి వాటిని వృథా చేసే అలవాటు నాకు లేదు. చెప్పవలసింది చెప్పి ఊరుకుంటాను.

మా చర్చి మా తాతల కాలంలో దొరలు కట్టించినది. రాతి గోడలు, పైన మంగళూరు పెంకులు. చుట్టూ ఉన్న స్థలంలో చర్చి పని చేసేవాళ్ళకు ఇళ్ళు వేసుకోనిచ్చారు. గంట కొట్టేవాళ్ళకు, ఊడ్చేవాళ్ళకు, నీళ్ళు పట్టేవాళ్ళకు. కాగితం లేదు, పత్రం లేదు. ఉండమన్నారు, ఉన్నారు. ప్రతి నెలా ఆఖరి ఆదివారం సాక్ష్యాలు చెప్పడం మా దగ్గర ఆచారం. ఎవరికి ఏ మేలు జరిగినా ఆ రోజు లేచి నిలబడి దేవుడు నాకిది చేశాడని చెప్పాలి. విన్నవాళ్ళంతా స్తోత్రం అనాలి. నా చిన్నప్పుడు ఆ మేళ్ళు చిన్నవిగా ఉండేవి. తప్పిపోయిన మేక దొరికిందనీ, పామో పురుగో ముట్టిన పిల్ల బతికిందనీ చెప్పేవాళ్ళు. ఒకామె తన మొగుడు వారం రోజులుగా తాగలేదని చెబితే చర్చి అంతా కప్పు ఎగిరిపోయేలా స్తోత్రం అన్నది.

గనులు వచ్చాక సాక్ష్యాలు మారిపోయాయి.

ముందు మా తమ్ముని చేను సంగతి చెప్పాలి. మా నాయన భూమి పంచినప్పుడు ఏటి పక్క నల్లరేగడి పెద్దవాళ్ళకు పోయి, కొండ వాలులో ఉన్న రాళ్ళ చేను చిన్నవాడికి వచ్చింది. ఎర్రమట్టి, దాని నిండా బరువైన నల్ల రాళ్ళు. నాగలి పెడితే నాగలి విరిగేది. కొర్రలు చల్లితే పిట్టలకు కూడా చాలేవి కావు. మా అమ్మ ఆ పంపకం చూసి ఏడ్చింది. చర్చిలో పెద్దలు వాడి కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టారు. దేవుడు ఆ కుటుంబాన్ని పరీక్షిస్తున్నాడన్నారు. నల్లరేగడి వచ్చినవాళ్ళనేమో దేవుడు దీవించాడన్నారు. నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నేను కూడా కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాను.

కొన్నేళ్ళకు ఎక్కడో దూరదేశంలో ఇనుము కావలసి వచ్చింది. ఏ దేశమో, వాళ్ళకు అంత ఇనుము ఎందుకో నాకు తెలియదు. జీపుల్లో మనుషులు వచ్చి మా తమ్ముని చేన్లో రాళ్ళు ఎత్తి, అరచేతిలో బరువు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి మా తమ్ముడు పోయాడు. వాడి కొడుకు వాళ్ళతో మాట్లాడుకున్నాడు. నాగళ్ళు విరిచిన చేను మీద జేసీబీలు దిగాయి. ఏడాది తిరగకముందే నా మేనల్లుడి వాకిట్లో టిప్పర్ నిలబడింది. ముందు అద్దం మీద తెలుగులో "దేవుని బహుమానం" అని, వెనక తలుపు మీద కన్నడంలో "దేవర కొడుగె" అని రంగులతో రాయించాడు. రెండూ ఒకటే మాట. ఏ భాష వాడు ఎటు నుంచి చూసినా ఎవరిచ్చారో తెలియాలని కాబోలు.

ఇప్పుడు పెద్దలు ఏమన్నారు? దేవుడు ఆ కుటుంబాన్ని దీవించాడన్నారు. నల్లరేగడి వాళ్ళ పంట మీద ఎర్రదుమ్ము పడి మిరపకాయ సంతలో ఎవరూ ముట్టకపోతే, దేవుడు వాళ్ళను పరీక్షిస్తున్నాడన్నారు. అవే రాళ్ళు, అదే రేగడి. దేవుడు మధ్యలో మనసు మార్చుకున్నాడా? లేక ధర మారిందా? నేను వంటింట్లో రోజూ ఇదే మనసులో తిప్పుకునేదాన్ని. అడిగితే పెద్దదానివైపోయి నోరు పెరిగిందంటారని అడగలేదు.

దుమ్ము సంగతి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే నీళ్ళ బిందె మీద గుడ్డ తీస్తే ఆ గుడ్డ ఎర్రగా ఉండేది. ఒక్క గుడ్డ చాలక రెండు కప్పేదాన్ని. పాత లుంగీ చింపి కిటికీలకు కట్టాను. అన్నం తింటే పళ్ళ కింద కరకర. మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె ద్రాక్షరసం, ఇచ్చే ఆదివారం ఆడవాళ్ళు తెల్లచీర కట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది. ఇంటి నుంచి తెల్లగా బయలుదేరి, టిప్పర్ల దారిలో నడిచి, చర్చి మెట్లెక్కేసరికి చీర అంచు నుంచి మోకాలి దాకా ఇటుక రంగు. ఎంత నానబెట్టి ఉతికినా పోదు. సబ్బు అరిగిపోవడమే. కారులో వచ్చినవాళ్ళ చీరలు మాత్రం తెల్లగానే ఉండేవి. వాళ్ళు ముందు చాపల మీద కూర్చునేవాళ్ళు. పైనుంచి చూస్తే ముందు తెలుపు, వెనక ఎరుపు. ఇందులో కూడా దేవుని చెయ్యి ఉందంటే నేను ఒప్పుకోను. టిప్పర్ మీద పట్టా కప్పకుండా తోలేది దేవుడు కాదు.

వెనక చాప మీద, గోడ వారన, ఒక విధవామె కూర్చునేది. కంప్లి దిక్కు నుంచి మా ఊరికి కోడలై వచ్చింది. అక్కడ వరినాట్లు వేసిన చేయి. ఆమె అత్త మా చర్చి గంట కొట్టేది, చర్చి ఊడ్చేది. అందుకని రోడ్డు పక్క చర్చి స్థలంలో వాళ్ళకొక ఇల్లుండేది. ఒక గది, ముందు చిన్న పంచ. అత్త పోయాక గంట, చీపురు రెండూ ఈమె చేతికి వచ్చాయి. మొగుడు నా మేనల్లుడితో కలిసి ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. గని కూలికి పోయి, మట్టి పెళ్ళ విరిగిపడి చనిపోయాడు. ఒక ఆడపిల్ల. బడి ఆ ఇంటికి పిలిస్తే పలికేంత దగ్గర. ఆ పిల్ల బాగా చదివేది. గని పక్క గుడిసెల్లో ఉండే పిల్లలు బడికి పోయేవాళ్ళు కాదు, సుత్తులు పట్టుకుని రాళ్ళు కొట్టేవాళ్ళు. తన పిల్ల చేతికి సుత్తి రాకపోవడానికి ఆ ఒక్క గదే కారణమని ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు.

ఒకే కొండ. ఆ కొండ ఒకడికి టిప్పర్ ఇచ్చింది, ఒకడిని మట్టిలో కప్పింది. సాక్ష్యాల ఆదివారం నా మేనల్లుడు లేచి దేవుడు నాకు రెండో బండి ఇచ్చాడని చెబితే మేమంతా స్తోత్రం అన్నాం. వెనక గోడ వారన ఆమె కూడా అన్నది. నేను తిరిగి చూశాను. నిజంగానే అన్నది.

ఇట్లా ఉండగా మేనల్లుడికి రోడ్డు పక్క స్థలం కావలసి వచ్చింది. బండ్లు నిలుపుకోవడానికి, బండ్లను తూచే కాటా ఒకటి పెట్టుకోవడానికి. చర్చి స్థలమైతే రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. చర్చి పెంకులు పగిలిపోయి వాన వస్తే ప్రసంగ వేదిక మీదే కారేది. ఆ పక్క స్థలం తనకు వదిలితే కప్పు మొత్తం కొత్తగా వేయిస్తాననీ, కింద టైల్స్ పరిపిస్తాననీ పెద్దలకు చెప్పాడు. ఆ స్థలంలో ఉన్నది ఒకటే ఇల్లు. ఆ విధవామెది. ఆమెకు గని పక్క రేకుల గుడిసె వేయిస్తానన్నాడు. పెద్దలకు అది న్యాయంగానే తోచింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూర్చుని మాట్లాడదామన్నారు. నిర్ణయం పాస్టరయ్యదని చెప్పారు.

పాస్టరయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళు ఆయన గురించి వేరే విధంగా అనుకుంటారు. కోస్తా దిక్కు నుంచి కొత్తగా వచ్చాడు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. మా యాస విని మొదట్లో నవ్వేవాడు, మేము ఆయన యాస విని ఇళ్ళకు పోయి నవ్వేవాళ్ళం. కన్నడం ఆయనకు రమ్మనడానికీ పొమ్మనడానికీ తప్ప రాదు. మేము మాటల మధ్య కన్నడం కలుపుతామని కూడా ఆయనకు అప్పటికి బాగా తెలియదు. మాకు మాత్రం తెలుసా? ఏ మాట ఏ భాషదో మేమెప్పుడు చూసుకున్నాం. నోటికి ఏది ముందొస్తే అది.

ఆ ఆదివారం పెద్దలు సంగతి చెప్పారు. మేనల్లుడు ముందు చాప మీద కూర్చుని తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. నువ్వు కూడా ఏమైనా చెప్పుకుంటావా అమ్మా అని పాస్టరయ్య ఆమెను అడిగాడు. ఆమె లేచి, తల మీద కొంగు సర్దుకుని, స్తంభం పట్టుకుని నిలబడింది. అంతమంది ముందు ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"అయ్యా, మేము బడవోళ్ళం. మా అత్త బడవురాలే, మా మామ బడవోడే. నా మొగుడు బడవోడుగానే పుట్టె, బడవోడుగానే సచ్చిపాయె. దేవుడు మమ్మల్ని ఇట్ల బడవోళ్ళగానే పుట్టించినాడు. ఈ జాగా తీసేస్తే పిల్లనెత్తుకోని నేను యాడికి పోవల్ల?"

పాస్టరయ్య మొహం ఎర్రబడింది. చేయి అడ్డం పెట్టాడు.

"అమ్మా, అలా అనకూడదు. దేవుడు ఎవరినీ అలా పుట్టించడు. అది మనుషులు తమ నడతతో తెచ్చుకునేది. అయినా ఇంతమందిలో నిలబడి నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు, సంతోషం. పోయినవాళ్ళను మాత్రం అంత మాట అనొద్దు."

మొదట నాకేమీ అర్థం కాలేదు. లేనివాళ్ళమని చెప్పుకుంటే ఒప్పుకున్నావని మెచ్చుకోవడమేమిటి, నడత అనడమేమిటి? ఆ తర్వాత నెత్తి మీద ఎవరో మొట్టినట్టు తెలిసింది. కన్నడంలో బడవ అంటే పేదవాడు. మేము పుట్టినప్పటినుంచీ ఆ అర్థంతోనే వాడతాం. కానీ తెలుగులో అదే మాట తిట్టు. పోకిరివాణ్ణి, తుంటరివాణ్ణి ఓరి బడవా అంటారు. మేము పేదవాళ్ళమని ఆమె చెబితే, మేము బుద్ధి లేని వెధవలమని చెప్పుకున్నట్టు ఆయన విన్నాడు. మా అత్త వెధవ, మా మామ వెధవ, దేవుడే మమ్మల్ని వెధవలుగా పుట్టించాడని. పాపం, ఏ పాస్టరు మాత్రం ఊరుకుంటాడు?

నాకు నవ్వు వచ్చేదే. కానీ అప్పుడు ఆమె తల ఇంకా కిందికి వంచి, "తప్పేనయ్యా" అన్నది.

ఆయన పేదరికాన్నే అంటున్నాడని ఆమె అనుకున్నది. నీ లేమి నీ నడత వల్ల వచ్చిందే అంటే, తప్పేనయ్యా అని ఒప్పేసుకున్నది. అట్లా ఒప్పుకోవడం ఆమెకు అంత అలవాటై ఉన్నది. నా నవ్వు అక్కడే ఎండిపోయింది.

సంఘం కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు అడగకుండా లేవకూడదు. లేచాను.

"అయ్యా, ఆయమ్మి తిట్టుకోలేదు. బడవ అంటే మీ దిక్కు తిట్టు. ఈడ బడవ అంటే లేనోడు. కన్నడం మాట. మేము లేనోళ్ళం, మాకు దిక్కులేదు అని చెప్తాండాది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరయ్య నోటి మీద చేయి పెట్టుకున్నాడు. పెద్దమనిషి, దాచుకోలేదు. తనకు తెలియలేదని, క్షమించమని అందరి ముందూ ఆమెను అడిగాడు. కూర్చోమ్మా అని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. హమ్మయ్య, మాట చక్కబడింది, ఇక పని కూడా చక్కబడుతుందని నేను అనుకున్నాను. నా తెలివి అంతే.

ఆయన గొంతు సవరించుకుని, లేమి సంగతి వేరన్నాడు. లేమీ కలిమీ దేవుని చిత్తమన్నాడు. ఆయన ఒకరిని ఒకలా, ఇంకొకరిని ఇంకొకలా ఉంచుతాడు, ఎందుకని అడగడానికి మనమెవరమన్నాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"ఇప్పుడే కదయ్యా దేవుడు ఎవుర్నీ అట్ల పుట్టించడంటిరి?"

"అది... ఆ అర్థంలో అన్నానమ్మా."

"మాట అదే కదయ్యా. మనిషీ ఆయమ్మే."

నాకు కూడా ఆ మాట నోటి నుంచి వచ్చాకే అది ఎంత లోతుకు పోతుందో తెలిసింది. బడవ అంటే వెధవ అనుకున్నంతసేపూ దేవునికి దానితో సంబంధం లేదు, మనిషే చేసుకున్నాడు. బడవ అంటే పేద అని తెలియగానే అది దేవుని చిత్తమైపోయింది. మాట అర్థం ఒకటి మారితే దేవుని పనే మారిపోయింది. ఇంత పెద్ద దేవుణ్ణి మనం ఒక మాటకు ఇటు, ఒక మాటకు అటు ఎత్తి పెడుతున్నాం, వంటింట్లో పీట జరిపినట్టు. పొరపాటున అన్నప్పుడే పాస్టరయ్య సరిగ్గా సగం నిజం చెప్పాడని నాకు అనిపించింది. దేవుడు ఎవరినీ అలా పుట్టించడు. మనుషులు తెచ్చేదే. కాకపోతే పేదవాడి మీదికి తెచ్చేది ఆ పేదవాడు కాదు.

ఇదంతా అక్కడ చెప్పలేకపోయాను. మూడో తరగతి చదివినదాని నోటికి అంత వేగంగా మాటలు రావు. ఇంటికి పోయి అంట్లు తోముతూ ఉంటే వస్తాయి. అదే నా కోపం, ఇన్నేళ్ళయినా.

"అత్తా, కూచో. పాస్టరయ్యతో వాదమేంది" అన్నాడు మేనల్లుడు ఫోను మీద నుంచి తల ఎత్తకుండా.

పెద్దల్లో ఒకాయన ప్రార్థన చేసుకుందామన్నాడు. మా చర్చిలో వాదం తెగకపోతే ప్రార్థనతో తెంచుతారు. అందరూ కళ్ళు మూసుకుంటే ఎవరూ ఎవరితో వాదించలేరు కదా. నేను ఆ రోజు కళ్ళు మూయలేదు. ముందు చాప మీద ఇంకొకరి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నా మేనల్లుడు పగిలిన పెంకుల వైపు చూస్తున్నాడు, ఎంత కప్పు వేయాలో కొలుచుకుంటున్నట్టు. చూపు దించేటప్పుడు నన్ను చూసి గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

బయట చెప్పులు వేసుకునే చోట పట్టుకున్నాను. వాడు కన్నడం బడిలో పదో తరగతి దాకా చదివినవాడు.

"బడవ అంటే ఏందో నీకు తెల్దా?"

"తెలుసత్తా."

"తెలిసి, ఆయప్ప తిట్టనుకుంటాంటే నోరు తెరవకపోతివేంది?"

వాడికి కోపం రాలేదు. వాడెప్పుడూ నా మీద గొంతెత్తి ఎరగడు. నవ్వాడు. "తెరిచుంటే ఏమయ్యేది? నువ్వు తెరిస్తివి కదా. ఏమాయె?"

మళ్ళీ వాడే, తాను స్థలం సుమ్నే, ఊరికే తీసుకోవడం లేదని, చర్చికి కప్పు వేయిస్తున్నాడని, ఆమెకు గుడిసె ఇస్తున్నాడని, ఇంతకంటే ఎవరు చేస్తారని అడిగాడు. దేవుడు తనకిచ్చాడు కాబట్టే చేయగలుగుతున్నాడని కూడా అన్నాడు.

"మీ నాయన ఉన్నప్పుడు ఆ చేన్లో ఉన్నెవి ఈ రాళ్ళే కదప్పా. అప్పుడు ఇయ్యలేదా దేవుడు?"

"అప్పుడూ ఇచ్చినాడు. మనకు తెలీలేదు, అంతే."

వాడు కారెక్కి పోయాడు. తెల్లచొక్కా మీద ఒక్క మచ్చ లేదు. ఆ జవాబు నాకు ఇప్పటికీ గొంతులో అడ్డంగా ఉంది. అది నిజమే అనుకుందాం. దేవుడు అందరికీ ఎక్కడో ఏదో పెట్టి ఉంచాడు, తెలుసుకున్నవాడు తీసుకుంటాడు. అయితే ఆ విధవామెకు పెట్టింది ఎక్కడుంది? ఆమె కాలి కింద ఉన్నది రోడ్డు పక్క స్థలం. దాని విలువ ఆమెకు తెలిసేలోపల వాడికి తెలిసింది. ఇచ్చింది దేవుడే అయినా, ఎవరికి ముందు తెలుస్తుందనేది మాత్రం దేవుడు చూడడు. బడి చూస్తుంది, ఫోను చూస్తుంది, జీపులో వచ్చినవాడితో కుర్చీ వేసుకుని కూర్చోగలగడం చూస్తుంది. ఈ పంపకం చేసేది మనమే. చేసి, పైన ఆయన పేరు రాస్తాం, టిప్పర్ మీద రాసినట్టు.

వానలు వచ్చేలోపల ఇల్లు ఖాళీ చేయాలని ఆమెకు చెప్పారు. పాస్టరయ్య తానే వెళ్ళి చెప్పాడట, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడట. ఆయన నీళ్ళు నిజమైనవేనని నేను నమ్ముతాను. అవి కూడా ఎందుకూ పనికి రాలేదు, నేను సరిచేసిన మాటలాగే. నాకు బాగా ఒళ్ళు మండింది అక్కడే. తెలియక చేశారనుకున్నంతసేపు తెలియజేస్తే చాలని ఆశ ఉంటుంది. తెలియజేశాక కూడా అదే పని అదే మర్యాదతో జరిగిపోతే, ఇక మనిషి చేయగలిగిందేమిటి?

మా ఇంటి వెనక ఒక కొట్టం ఉంది. దుమ్ము పడిన మేత తిని బర్రె దగ్గడం మొదలుపెట్టాక దాన్ని కురుగోడు సంతకు తోలి అమ్మేశాం. కొట్టం ఖాళీగా లేదు. పనికొస్తాయని నేను దాచినవన్నీ అందులో ఉన్నాయి. పిడకలు, చినిగిన గోనెసంచులు, పిడి విరిగిన బకెట్లు, ఎప్పుడో గోడ కూలితే ఏరి పెట్టిన ఇటుకలు. నేను దేన్నీ పారేయను. ఆ వారం పిడకలు వాకిట్లోకి చేర్చాను. గోనెసంచులు కుట్టి తెర చేశాను. ఆ ఇటుకలతో ముందు భాగం మూయించాను, ఇన్నేళ్ళకు అవి పనికొచ్చాయి. నా కొడుకు గొణిగాడు. ఇల్లు నా పేరు మీద ఉందని గుర్తు చేశాను.

ఆమెను పిలిచి చూపించాను. కిరాయి వద్దని చెప్పాను. అంట్లు తోమిన నీళ్ళు పారబోయకూడదు, కరేపాకు చెట్టుకు పోయాలి. లైటు పిల్ల చదువు అయ్యేంతవరకే, ఆ తర్వాత ఆర్పాలి. అగ్గిపుల్ల ఊరికే గీయకూడదు, నా పొయ్యిలో నిప్పు ఉంటే తీసుకుపోవాలి. ఆమె అన్నిటికీ తల ఊపింది. తర్వాత నా కాళ్ళ మీద పడబోయింది.

"దేవుడే నీ రూపంలో వచ్చినాడు పెద్దమ్మా."

"దేవుడు రాలేదు, నేనొచ్చినా. కొట్టం నాది, కసువు ఊడ్చి పట్టుకుపోయిన నడుమూ నాదే. ఆయప్పను నడమ తేవద్దు."

మొగుడు పోయాక ఆమె నవ్వగా నేను చూడలేదు. ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దేవుణ్ణి ఆయప్ప అన్నందుకు కాబోలు. మాకు మగవాళ్ళందరూ అప్పలే.

ఆమె ఇల్లు పడగొట్టడానికి అరపూట కూడా పట్టలేదు. పిల్ల మాత్రం మా కొట్టం నుంచే బడికి పోయింది. దారి కొంచెం ఎక్కువ, అంతే. సుత్తి పట్టలేదు. కాటా వచ్చింది, టిప్పర్లు వరుసగా నిలబడ్డాయి. వానలు పడేసరికి చర్చికి కొత్త కప్పు పడింది. కింద తెల్ల టైల్స్. అడుగు పెడితే ఎర్రమట్టి ముద్ర పడుతుంది. గంటా చీపురూ ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఆ ముద్రలన్నీ ఆమే తుడిచేది.

ఆ తర్వాత వచ్చిన సాక్ష్యాల ఆదివారం మేనల్లుడు లేచాడు. తనది ఏమీ లేదని, అంతా దేవుడే తన చేత చేయించాడని, ఈ కప్పు దేవుని కప్పని చెప్పాడు. స్తోత్రం అన్నారు. వాడి పక్కన పాస్టరయ్య మొహం వెలిగిపోతున్నది, వేదిక మీద వాన కారదు మరి. ఇక అయిపోయిందనుకుంటే వెనక గోడ వారన కదలిక. ఆమె లేచింది. మునుపటి కంటే గొంతు గట్టిగా ఉంది.

"దేవుడు నాకు ఇల్లిచ్చినాడు" అన్నది.

స్తోత్రం అన్నారు. అదే చర్చి, అదే గొంతు, టిప్పర్లకు అన్నంతే గట్టిగా. నా మేనల్లుడు కూడా వెనక్కి తిరిగి చూసి సంతోషంగా అన్నాడు. వాడు నిజంగానే సంతోషించాడు, నటించలేదు. ఆ ఒక్క మాటతో వాడి మీద ఉన్న బరువు కూడా దిగిపోయింది కదా. దేవుడు ఆమె ఇల్లు తీసి ఆమెకే ఇంకో ఇల్లిచ్చాడు. మధ్యలో మనుషులెవరూ లేరు. నేను చాప మీద కూర్చుని, పళ్ళు కొరుక్కుని, స్తోత్రం అనలేదు. పక్కనున్నామె నన్ను మోచేత్తో పొడిచింది.

ఇంటికి వచ్చాక వాకిట్లో నిలదీశాను. వద్దని చెప్పినా ఆయన్ని ఎందుకు తెచ్చిందని అడిగాను.

"నీ పేరు చెప్తే నువ్వు తిడతావని చెప్పలేదు పెద్దమ్మా."

"నా పేరు నాకెందుకే? ఇచ్చింది దేవుడంటివి. మరి తీసింది ఎవురు? వచ్చే నెల లేచినప్పుడు అది కూడా చెప్పు."

ఆమె నన్ను చంటిపిల్లను చూసినట్టు చూసింది. నాకంటే అంత చిన్నది, అంత ఓపికగా.

"అది చెప్తే ఎట్ల పెద్దమ్మా? మేము బడవోళ్ళం కదా."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, ఆమె మీద, వాడి మీద, పాస్టరయ్య మీద, పైనున్న ఆయన మీద, మాటలు ఆలస్యంగా వచ్చే నా నోటి మీద. తిట్టడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆమె అంట్ల గిన్నె ఎత్తుకుని, ఆ ఎర్రటి నీళ్ళను ఒక్క చుక్క కింద పోకుండా కరేపాకు చెట్టు మొదట్లో పోస్తున్నది, నేను చెప్పినట్టే.